ఆకులు ఆయనకి, కాడలు ఆవిడకి

"ఆకు తుంచేటప్పుడు గోరు తగలనివ్వకు. సత్తువంతా పోతుంది," అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆవిడ అయిదింటికి లేచి పాలకూర కడుగుతోంది. మట్టి వదలాలంటే నాలుగు నీళ్ళు పట్టాలి. గోరు తగలకుండా తుంచడం ఎలాగో ఈ మహానుభావుడు ఒక్క కట్ట తుంచి చూపిస్తే కళ్ళారా చూసి తరిద్దును కదా అనుకుంది. చూపిస్తాడా, నా మొహం! వంటగదిలోకి ఆయన అడుగు పెట్టేది ఫొటో తీసుకోవడానికే.

రెండేళ్ళ కిందట ఆయనకి షుగరొచ్చింది. అందరికీ షుగరొస్తే షుగరే వస్తుంది, ఈయనకి దాంతోపాటు జ్ఞానం కూడా వచ్చింది. బీమా ఆఫీసులో ఫైళ్ళు తిరగేసుకునే మనిషి కాస్తా 'కాలాన్ని బట్టి తిండి' అని ఫోన్లో ఒక గ్రూపు పెట్టి రెండు వందల మందికి గురువై కూర్చున్నాడు. వసంతం వచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండవు. లేత ఆకులు తినండి, లేత బఠాణీలు తినండి, చలికాలమంతా ఒంట్లో పేరుకున్న చెత్త కడుక్కుపోతుంది అని రోజూ ఉపదేశం. ఆ బఠాణీలు ఎవరు ఒలవాలో మాత్రం ఎక్కడా రాయడు. ఆరున్నరకి పళ్ళెం సిద్ధంగా ఉండాలి. ఫొటో అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. "నీ చెయ్యి పడుతోంది, పక్కకి తియ్యి," అంటాడు. తర్వాత ఫొటో కింద 'ఈ ఉదయం మా ఇంట్లో చేసుకున్నాం' అని రాస్తాడు. చేసుకున్నారట! గరిటె ఏ సొరుగులో ఉంటుందో తెలియని మనిషి.

ఆయన గ్రూపులో అన్నిటికన్నా పెద్ద సూత్రం, నిలవ తిండి విషం అని. పొద్దున వండింది సాయంత్రానికి ఆయన తినడు, ఆయన తల్లీ తినదు. మరి అదెక్కడికి పోతుంది? "అంత కూర పారబోస్తే కళ్ళు పోతాయే అమ్మాయ్, నువ్వు తినెయ్యి," అంటుంది అత్తగారు ఎంతో ప్రేమగా. ఆవిడ తినేస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలోంచే, బస్సుకి టైమైపోతుంటే. ఆకులు వాళ్ళకి, ముదురు కాడలు తనకి. కొత్త కూర వాళ్ళకి, నిన్నటిది తనకి. రెండు వందల మందిని ఏ విషం నుంచి కాపాడుతున్నాడో దాన్నే రోజూ పెళ్ళాం నోట్లో పోస్తున్నానని ఆయనకి ఒక్కనాడూ తట్టలేదు. తట్టడానికి బుర్రంటూ ఉండాలిగా.

ఆవిడ పనిచేసేది ఆసుపత్రి ల్యాబులో. రోజుకి వంద మంది రక్తం పరీక్ష చేస్తుంది. ఏటా ఒకసారి అక్కడి సిబ్బందికీ పరీక్షలుంటాయి. ఈసారి తన రక్తం ఉన్న గొట్టం తనే మిషన్లో పెట్టుకుంది. పన్నెండుండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నర అని వచ్చింది. మిషన్ పాడైందనుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే వచ్చింది. మెట్లెక్కుతుంటే గుండె దడ ఎందుకో, మధ్యాహ్నానికి కళ్ళముందు చీకట్లు ఎందుకో అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ వయసనుకుంది.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంట్లో ఏం తింటారు మీరు?" అనడిగింది.

"మిగిలింది."

ఆలోచించి అన్న మాట కాదది. నోట్లోంచి అలా వచ్చేసింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పెళ్ళయిన ఈ పదిహేడేళ్ళుగా తను తింటున్నదానికి ఇంకో పేరు వెతికింది, దొరకలేదు.

"ఆదివారం పొద్దున్నే రండి. ఐరన్ సెలైన్లో ఎక్కించాలి. వాయిదా మాత్రం వెయ్యకండి. ఇంకా తగ్గితే గుండెమీద పడుతుంది," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చెబితే భర్త ముందు నవ్వాడు. తర్వాత కంగారు పడ్డాడు, ఆవిడ గురించి కాదు. "మనింట్లో తింటూ రక్తం తక్కువేంటి? ఈ మాట ఎక్కడా అనకు. నలుగురూ నన్నేమనుకుంటారు? పైగా ఆదివారం వద్దు. మనింటి హాల్లో గ్రూపు వాళ్ళకి వసంత భోజనం ఉంది కదా. నలభై మందొస్తున్నారు. నేను మాట్లాడాలి."

"మాట్లాడండి. నేనొద్దన్నానా?"

"మరి వంటెవరు చేస్తారు?"

"ఆడవాళ్ళన్నాక రక్తం ఆ మాత్రం తక్కువే ఉంటుందిలే," అని అందుకుంది అత్తగారు. "నాకెవరైనా పరీక్షలు చేశారా? నేను బతకలేదూ?"

"వచ్చేవారం ఎక్కించుకో. నీ రక్తం ఎక్కడికీ పోదుగా," అని తేల్చేశాడు భర్త. అంతటితో అయిపోయిందనుకుని టీవీ పెట్టుకున్నాడు. పదిహేడేళ్ళూ అలాగే అయిపోయేది మరి. ఆవిడ లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఒప్పుకుందనుకున్నారు తల్లీకొడుకులు.

ఆదివారం ఆరింటికి వంటగది నేలమీద రెండు బస్తాల ఆకుకూరలు, బుట్టెడు బఠాణీలు, మట్టి కూడా వదలని ముల్లంగి దుంపలు ఉన్నాయి. ఆవిడ వాటి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి బస్సెక్కింది.

చేతికి సూది గుచ్చి అరగంటయ్యేసరికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? పది దాటితే జనం వచ్చేస్తారు! ఈ పాలకూర ఎన్నిసార్లు కడగాలి? ఒకసారి కడిగితే ఇంకా ఇసకే వస్తోంది!"

"ఏమోనండీ. మీ గ్రూపులో అడగండి, రెండు వందల మందున్నారుగా."

"వేళాకోళమా? అమ్మకి నడుం పట్టేసింది బఠాణీలు ఒలిచి. వాళ్ళొచ్చి ఇదంతా చూస్తే నా పరువేం కాను?"

ఆ గొంతులో ఏడుపు వినిపించింది. జాలి పడదామని చూసింది, రాలేదు. ఇంతోటి మనిషికా తను ఇన్నాళ్ళూ భయపడింది అనిపించి రోత పుట్టింది. ఫోన్ కట్టేసి పక్కన పెట్టింది.

నర్సు వచ్చి సీసా వైపు చూసింది. "ఇంకో అరగంటక్కా. ఇంట్లో పనుందేమో, కాస్త స్పీడు పెంచనా?"

"వద్దమ్మా," అందావిడ, కళ్ళు మూసుకుని. "ఇంకా తగ్గించు. వాళ్ళ భోజనాలు అయిపోవాలి."