పూతరేకుల కారులో నేను

నేను ఒక గుండ్రటి నాబ్‌ని. కారు ఏసీలో చల్లదనం పెంచి తగ్గించడమే నా పని. ఎడమకు తిప్పితే నీలం గీత, కుడికి తిప్పితే ఎర్ర గీత. నల్ల ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను.

నా మొదటి యజమాని రాజమండ్రిలో లెక్చరర్. ఎండలో కాగిన కారెక్కితే, ముందు అద్దాలు దించి వేడి గాలిని బయటికి పోనివ్వాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఎక్కగానే నన్ను నీలం చివరకు తిప్పేవారు. చలేస్తే భుజాల మీద తువ్వాలు కప్పుకునేవారు తప్ప నన్ను ఒక్క గీత కూడా జరిపేవారు కారు.

తర్వాత ఆ కారును ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే సత్యవేణి కొన్నది. నడిపేది ఆమె భర్త సూరిబాబు. రోడ్డు దుమ్ము పెట్టెల మీద పడకూడదని, లోపలి గాలే లోపల తిరిగే మీటను వాళ్లు ఎప్పుడూ వేసే ఉంచేవారు. ఆ జాగ్రత్త చూసి నేనూ మెచ్చుకున్నాను.

ఒక మే నెలలో కాకినాడ పెళ్లికి నలభై పెట్టెలతో బయల్దేరాం. ఊరు దాటి ఆమెకు దొరికిన మొదటి పెళ్లి బేరం అది. సరుకు చెడితే రెండోది దొరకదు. బొబ్బర్లంక దాటేసరికి చల్లగాలి సన్నగిల్లింది. సూరిబాబు నన్ను నీలం వైపు తిప్పాడు, ఇంకా తిప్పాడు. అక్కడితో నా దారి అయిపోయిందని అతనికెలా చెప్పను? నా మెడ కిర్రుమంది.

"ఏవండీ, దాన్నలా మెలిపెడితే ఊడి చేతికొస్తది. ఎక్కడన్నా ఆపండి," అంది సత్యవేణి.

ధవళేశ్వరంలో బుల్లియ్య అనే మెకానిక్ డాష్‌బోర్డు అర ఊడదీసి, వెనకున్న ఫిల్టర్ లాగాడు. బియ్యప్పిండి, పంచదార పొడి గట్టిగా పేరుకున్నాయి. వాటి మీద చీమల బారు.

"గ్యాసు బానే ఉందండి. లోపలి గాలే తిప్పుతుంటే పెట్టెల పొడంతా దీంట్లోకే చేరింది, గాలికే దారి లేదు. తమరు వంట ఇంట్లో చేత్తారా, కార్లో చేత్తారా?" అన్నాడు.

సూరిబాబు తల గోక్కున్నాడు. కారు కొన్నాక ఫిల్టర్ ఒక్కసారీ తీయలేదని ఒప్పుకున్నాడు. బుల్లియ్య దాన్ని దులిపి పెట్టగానే గాలి జోరుగా వచ్చింది. ఆ సంబరంలో సూరిబాబు నన్ను మళ్లీ నీలం చివరకు తోశాడు. సత్యవేణి చెయ్యి చాపి నన్ను మధ్యకు తెచ్చింది.

"ఈ చల్లదనం మనకి కాదండి, రేకులకి. ఎండకి నెయ్యి కారిపోద్ది, మరీ చల్లగాలి కొడితే రేకు పొడైపోద్ది," అంది. గాలి నేరుగా పెట్టెలకు తగలకుండా ముందున్న గాలి రంధ్రాలను అద్దం వైపు తిప్పింది.

కాకినాడలో పెళ్లికూతురి మామ్మగారు కారు దగ్గరే ఒక పెట్టె తెరిపించారు. ఒక పూతరేకు తీసి కొరికారు. నమిలి మింగి, మనవడి ఉపనయనం జ్యేష్ఠంలో ఉంది, అప్పటికి అరవై పెట్టెలు కావాలన్నారు.

ఇప్పుడు ఆ కారు తుక్కు షెడ్డులో ఉంది, నేను దానికే అతుక్కుని ఉన్నాను. నన్ను చాలా చేతులు తిప్పాయి. అన్నీ తమ ఒంటి సుఖానికే తిప్పాయి. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఒక చెయ్యి నన్ను మధ్యలో నిలిపి, కాకినాడ దాకా సత్యవేణి మెడ మీది చెమట తుడుస్తూ వచ్చింది.