ఖాళీ కాని బోర్డు

నా తమ్ముడి బిళ్ళను ఎవరో సందర్శకుడు మెడలో వేసుకుని ఫొటో దిగుతున్నాడు.

గని చూడని నా విద్యార్థులు కూడా ఇది చదువుతారు కాబట్టి చెబుతున్నాను. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను దీపాల గదిలోని బోర్డుకు తగిలించి దిగుతాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. ఒక్క బిళ్ళ మిగిలినా ఆ షిఫ్టులో ఎవరూ ఇంటికి వెళ్ళరు. అది కంపెనీ నియమం కాదు, కార్మికులు పెట్టుకున్నది.

గని కూలిన రోజు తమ్ముడి బిళ్ళతో సహా చాలా బిళ్ళలు బోర్డు మీదే మిగిలిపోయాయి. కంపెనీ వెతకడం మానేసి గని మూసింది. తర్వాత ఊరు చూడదగ్గ స్థలమైంది. కార్మికుల ఇళ్ళకు రంగులు వేశారు. చేల పక్కన పోసిన గని మట్టి గుట్టల మీద గడ్డి నాటారు. బతికి బయటపడ్డవాళ్ళకు మళ్ళీ హెల్మెట్లు పెట్టి గైడులను చేశారు. తమ్ముడున్న చోటికి నేను టికెట్టు కొనుక్కుని వచ్చాను.

"ఇక్కడ ఎవరూ చనిపోలేదు కదా?" సందర్శకుడు అడిగాడు.

"అబ్బే! బొగ్గు అయిపోయి మూసేశారు సార్," అన్నాడు ఈ స్థలాన్ని నడిపే కాంట్రాక్టరు మనిషి. "ఇవాళే గని నోరు పూడ్చేస్తున్నాం. దాని మీద హోటల్ వస్తుంది."

బయట కాంక్రీటు లారీ తిరుగుతున్న చప్పుడు.

ఒకప్పుడు అందరికీ దీపాలందించిన దీపాల మామ గైడు దుస్తుల్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"పూడ్చేస్తే మావాణ్ణి తీసేదెవరు మామా?"

"నన్నేం చెయ్యమంటావు టీచరమ్మా? నోరెత్తితే ఉద్యోగం ఊడుతుంది."

టికెట్లు చింపే ఆవిడ గయ్యిమంది. ఆమె భర్త కూడా లోపలే ఉన్నాడు. "చచ్చినోళ్ళ మీద కట్టుకథలు చెప్పే ఉద్యోగం! ఆ మీసం నాకిచ్చెయ్ మామా, నేను పెట్టుకుంటా."

గైడులు నవ్వారు. మామ నవ్వలేదు. సందర్శకుడి దగ్గర బిళ్ళ అడిగి తీసుకుని, తుడిచి, బోర్డు మీద దాని మేకుకు తగిలించాడు.

మూసే గంట మోగింది.

"టైమైంది, అందరూ బయటికి!" అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

మామ కదల్లేదు. "బోర్డు ఖాళీ కాలేదు బాబూ. షిఫ్టు అవలేదు."

"ఏం షిఫ్టు, ముసలోడా? గని మూసి ఏళ్ళయింది!"

"మీరు మూశారు. మేం మూయలేదు."

తన గుర్తింపు కార్డు తీసి ఒక ఖాళీ మేకుకు తగిలించాడు. టికెట్లావిడ తనది తగిలించింది. తర్వాత గైడులు, ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు. అందరూ వెళ్ళి గని నోటి చుట్టూ కూర్చున్నారు.

"పొయ్యరా!" కాంట్రాక్టరు మనిషి అరిచాడు.

లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. "మనుషుల మీద పొయ్యడం నా వల్ల కాదు సార్. మీరే వచ్చి పోసుకోండి."

పోలీసులు వచ్చారు. మామను కాలరు పట్టి ఈడ్చారు. హెల్మెట్ దొర్లిపోయింది. వ్యాను తలుపు వేస్తుండగా మామ అరిచాడు: "నా కార్డు బోర్డు మీదుంది! ఎవరూ ఇళ్ళకు పోకండి!"

కబురు చేలల్లోకి పాకింది. పని మధ్యలో వదిలేసి జనం గట్ల వెంట రావడం మొదలైంది.

"మీరు చదువుకున్నవారు, మీరైనా వెళ్ళిపోండి," అన్నాడు కాంట్రాక్టరు మనిషి నాతో.

నాకు కార్డు లేదు. టికెట్టు ఉంది. దాన్ని తమ్ముడి బిళ్ళ పక్క మేకుకు గుచ్చి, వెళ్ళి టికెట్లావిడ పక్కన కూర్చున్నాను.