ఆరు నెలల తర్వాత, ఇదే రోజు

పెద్దల సభలో ఒక బిల్లును చంపడానికి ఎవరూ గొంతు చించుకోరు. ఒక సభ్యుడు లేచి, "దీన్ని ఆరు నెలల తర్వాత, ఇదే రోజున చర్చిద్దాం" అంటాడు. అందరూ తలలూపుతారు. ఆ రోజుకు సభ ఉండదు. బిల్లు దానంతటదే పోతుంది. నూరేళ్లుగా అక్కడ ఇదే మర్యాద.

మే పంతొమ్మిదిన మోయిరా టక్‌వెల్ బిల్లుకూ ఆ మర్యాదే జరిగింది. ఆమె పెద్దల సభకు గెలిచి నాలుగు వారాలైంది. అంతకుముందు గానెట్ బేలో పోస్టాఫీసు నడిపేది. ఇరవై మంది లోపు పిల్లలున్న బడిని సభ ఒప్పుకోకుండా మూయకూడదన్నది ఆమె బిల్లు. గానెట్ బే బడిలో పదకొండు మంది. డిసెంబరులో మూసేస్తామని ఉత్తరం వచ్చింది. కింది సభలో తెలిసిన సభ్యుడి చేత ఆమె పెట్టించిన ఆ బిల్లును వాళ్లు మొహమాటానికి ఒప్పుకుని పైకి తోశారు. పైన ఎలాగూ పోతుందని వాళ్ల ధైర్యం.

పైన ప్రభుత్వ పక్ష నాయకుడు రెక్స్ హార్‌బాటిల్ లేచి ఆ మాట అనేశాడు.

మోయిరా ముఖం వెలిగిపోయింది. "చాలా థాంక్సండీ! నవంబరు పంతొమ్మిదే కదా. బడి మూసేలోపే, సరిపోతుంది."

సభంతా దగ్గింది. మర్యాదస్తులు నవ్వాపుకోవాలంటే దగ్గుతారు.

సభ గుమాస్తా నెవిల్ పాస్కో దగ్గలేదు. ఏ రోజు ఏది చర్చకు రావాలో పట్టిక రాసేది అతనే, ముప్ఫై ఒక్క ఏళ్లుగా. నెవిల్ భార్య అంత్యక్రియల రోజునే హార్‌బాటిల్ బడ్జెట్ చర్చ పెట్టించాడు. అది జరిగి తొమ్మిదేళ్లు. నెవిల్ కొంచెం కూడా మరిచిపోలేదు.

సభ ముగిశాక మోయిరా డైరీ పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"నెవిల్ గారూ, ఆ రోజు నాది ఎన్నింటికి?"

ఆ మాటకు అర్థం చెప్పి పంపుదామని నెవిల్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ముందు క్యాలెండరు తెరిచాడు. వేలు నవంబరు దగ్గర ఆగింది. మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేలకు వెళ్లాలని హార్‌బాటిల్ కిందటి వారమే నవంబరు సమావేశాలను రెండు వారాలు ఆలస్యంగా మొదలయ్యేలా మార్పించాడు. పంతొమ్మిది, గురువారం. సభ ఉంది.

నెవిల్ నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి, "పదింటికమ్మా. వాయిదా పడ్డవే ముందొస్తాయి," అన్నాడు.

"మా బడి పిల్లల్ని తీసుకురావచ్చా?"

"పైన గ్యాలరీలో కూర్చోబెట్టండి. చాక్లెట్లు చప్పరిస్తే మాత్రం బయటికి పంపిస్తారు."

నవంబరు పంతొమ్మిది పట్టికలో మొదటి అంశం మోయిరా బిల్లు. నెవిల్ ఏదీ దాచలేదు. అందరికీ ఇచ్చే అక్షరాల్లోనే అచ్చు వేయించాడు. పొద్దున టీ గదిలో హార్‌బాటిల్ దాన్ని చదివి, పక్కనున్న తన పక్షం సభ్యులు అయిదుగురికీ చూపించాడు.

"చూశారా, నెవిల్‌కి వయసైపోయింది. పోయిన బిల్లుకి టైమిచ్చాడు!" అని, టీ కోసం వచ్చిన నెవిల్‌ను చూసి, "ఏవయ్యా, దీనికి దండ కూడా వేయిస్తావా?" అన్నాడు.

"వేయించమంటే వేయిస్తానండి," అని నెవిల్ కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

మొదటి అంశం ఎలాగూ లేదనుకుని, ఆరుగురూ స్కోన్లనే చిన్న రొట్టెల మీద జామ్, మీగడ రాసుకుంటూ మిగిలారు.

పదింటికి అధ్యక్షుడు పట్టికలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. పైన పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. మోయిరా ఏడు నిమిషాలు మాట్లాడింది. జవాబు చెప్పాల్సినవాడు టీ గదిలో ఉన్నాడు. ఓటింగు గంటలు మోగాయి. నాలుగు నిమిషాలు మోగుతాయి, ఆ తర్వాత తలుపులకు తాళం.

గంటలేవో రిపేరు చేస్తున్నారని టీ గదిలోవాళ్లు అనుకున్నారు. మూడున్నర నిమిషాలకు ఒకడు, "ఇంతకీ లోపల ఎవరున్నారు?" అన్నాడు. అందరూ లేచి పరుగెత్తారు. కాపలామనిషి డల్సీ సరిగ్గా నాలుగో నిమిషానికి తాళం తిప్పింది.

"డల్సీ! తియ్యవే తల్లీ!"

"ఓటింగు అయ్యాక తీస్తానండి. టైకి మీగడ అంటింది, ఈలోపు తుడుచుకోండి."

ఆరు ఓట్లు ఇటు, రెండు అటు. బిల్లు నెగ్గింది.

తలుపు తెరుచుకోగానే హార్‌బాటిల్ నెవిల్ మీదికి వచ్చాడు. "ఇది చెల్లదు! నూరేళ్ల ఆచారం!"

"నూరేళ్లుగా ఆ రోజు సభ లేదండి. ఈసారి మీరే పెట్టించారు. గుర్రం గెలిచిందా?"

హార్‌బాటిల్ తల వంచి టై మీద మీగడ తుడుచుకోసాగాడు. గెలిచినట్టు లేదు.

పిల్లల్ని బస్సెక్కించి మోయిరా నెవిల్ బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. ఈలోపు డల్సీ ఆమెకు ఆ మర్యాద సంగతి చెప్పేసింది.

"ఈ రోజు సభ ఉంటుందని మీకు మే నెలలోనే తెలుసా?"

"తెలుసు."

"మరి నాతో చెప్పలేదేం? ఆరు నెలలు నన్ను చూసి అందరూ దగ్గారు!"

"చెప్పుంటే మీరు వెళ్లి హార్‌బాటిల్ గారిని బతిమాలేవారు. ఆయన తారీఖు మార్పించేవాడు."

మోయిరా డైరీ మూసింది. "మీరు మంచివారండీ," అంది.

"కాదమ్మా, నాది తొమ్మిదేళ్ల పాత లెక్క," అని నెవిల్ మర్నాటి పట్టిక ముందుకు లాక్కున్నాడు.