ఆ పిచ్చర్లో అమ్మ లేదు

మద్దమ్మ పాలివ్వడానికి రావడం మానేసి మూడు రోజులైంది.

మొదటి రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకుంది హులిగెమ్మ. రెండో రోజు మనవరాలిని చంకనేసుకుని తానే వాళ్లింటికి పోయింది. మద్దమ్మ తలుపు ఓరగా పట్టుకుని, గడప దాటకుండా, "నా కొడుక్కే చాలడంల్యా అత్తా" అంది. అది అబద్ధమని ఆమె తడిసిన రవికే చెబుతోంది. పాప ఆ వాసనకు తల తిప్పి నోరు తెరిచింది. మద్దమ్మ కళ్లు దించుకుని తలుపు మూసేసింది.

పాపకు రెండు నెలలు. పుట్టిన నాడే తల్లి పోయింది. ఆ తల్లి ఉరుకుందమ్మ హులిగెమ్మకు ఒక్కతే కూతురు. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చింది. అల్లుడు దినాలకు వచ్చి, పిల్లను చూసి, "కొన్నాళ్లు మీ కాడే ఉండనీ" అని చెప్పి తన ఊరు కోసిగికి వెళ్లిపోయాడు. నాలుగిళ్ల అవతల ఉండే మద్దమ్మ మాత్రం ఎవరూ అడక్కముందే వచ్చి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆమె కొడుకు అప్పటికి ఆరు నెలల వాడు. పొద్దున కూలికి పోయేముందు, మాపున తిరిగొచ్చాక, వాడికి ఒక పక్క, దీనికి ఒక పక్క. మధ్యాహ్నం మాత్రం మేకపాలలో నీళ్లు కలిపి గుడ్డ వత్తితో పట్టేవాళ్లు.

ఇప్పుడు మూడు పూటలా మేకపాలే. పిల్లకు పడలేదు. తాగింది తాగినట్టే కక్కుతోంది. మొదటి రోజు వీధి చివరిదాకా వినబడిన ఏడుపు మూడో నాటికి ఇంట్లోనే సరిగా వినబడడం లేదు.

ఆ మాపున హులిగెమ్మ భర్త గోపన్న సంగతి కనుక్కుని వచ్చాడు.

"మద్దమ్మ ఆ దయ్యం పిచ్చరు సూసిందంట" అన్నాడు, కాళ్లు కడుక్కోకుండానే.

అది కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. వేరుశనగ పీకడాలు అయిపోయాక సంత మైదానంలో టూరింగ్ టాకీసు గుడారం వేశారు. వారం రోజులుగా అందులో ఒకటే బొమ్మ ఆడుతోంది.

"దాంట్లో గూడా బాలింత సచ్చిపోయి దయ్యమైతాదంట. తన బిడ్డకు ఎవురు పాలిస్తే వాళ్ల గొంతు పిసుకుతాదంట. ఆపొద్దు నుంచి మద్దమ్మకు నిద్రల్యా. తలుపు సందులో నుంచి ఎవురో సూస్తాండారంటాది."

"ఊళ్లో ఇంకా ఇద్దరు బాలింతలుండారు గదా?"

"వాళ్లూ సూసినారు."

ఇంకొకప్పుడైతే నవ్వొచ్చే మాటే. గోపన్న తువ్వాలు కొస ముడి విప్పి నాలుగు ఇనుప మేకులు గట్టు మీద పెట్టాడు. కొత్తవి, ఒక్కొక్కటి జానెడు పొడుగున ఉన్నాయి.

"కంబన్న కొలిమిలో సేయించినా. రేపు మంగళారం. ఉరుకుందిని పూడ్సిన గుంతకు నాలుగు మూలలా కొడితే మల్లా పాలిస్తానని మద్దమ్మ మాటిచ్చింది. పెద్దోళ్లు ఆపొద్దే చెప్పిరి. నువ్వే వద్దంటివి."

హులిగెమ్మ మేకుల వైపు చూడలేదు. కూతురు పోయిన రోజు పెద్దవాళ్లు రెండు పనులు చెప్పారు. బాలింతగా పోయిన మనిషి బిడ్డ కోసం తిరిగొస్తుందని, రాకుండా ఇంటి నుంచి ఊరి పొలిమేర దాకా ఆవాలు చల్లాలని. ఆ గింజలన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటే తప్ప ఆమె అడుగు ముందుకు వెయ్యలేదట, ఏరుకునేలోగా తెల్లారిపోతుందట. మరునాడు మళ్లీ మొదటి నుంచీ. ఆ పని హులిగెమ్మ చేసింది. శవం వెనకే నడుస్తూ, ఎవరో చేతిలో పెట్టిన గిన్నెలోంచి చల్లుకుంటూ పోయింది. ఏం చేస్తున్నదో అప్పుడు ఆమెకు తెలియదు. రెండోది, గుంతలోంచే లేవకుండా మేకులు. వాటి మాట ఎత్తినప్పుడు మాత్రం గుంత మీద అడ్డంగా పడుకుంది.

"సచ్చినదాన్ని పట్టుకోని, బతికినదాన్ని పోగొట్టుకుందామా?" అన్నాడు గోపన్న. గొంతు గట్టిగా లేదు. ఆయనకూ అది కూతురే.

హులిగెమ్మ లేచి చీర కొంగు దులుపుకుంది.

"నేనా పిచ్చరు సూసొస్తా."

"నీకేమన్నా మతి పోయిందా? ఊరు నవ్వుతాది."

"దేన్ని సూసి నా బిడ్డను దయ్యమంటాండారో నేనూ సూడాల గదా. సూసినాక కొట్టాలనిపిస్తే నేనే కొడతా. నువ్వు పాపను పట్టుకో."

గుడారంలో ఆడవాళ్ల వైపు తడక కట్టి ఉంది. ఇసుకలో కూర్చోవడమే. తడక పక్కన సిద్దమ్మ ఉడకబెట్టిన శనక్కాయల గంప పెట్టుకుని ఉంది. గుడారం ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆమె ప్రతి ఆటా చూస్తుంది. ఏ బొమ్మ బాగుందో ఏది బాగాలేదో ఊరి ఆడవాళ్లు ఆమెనే అడుగుతారు.

హులిగెమ్మను చూడగానే ముందు వరుసలో ఒకామె పక్కదాని చెవిలో కాస్త గట్టిగానే అంది. "బిడ్డ పోయి రెండ్నెల్లు గాలేదు, ఈమెకు పిచ్చరు కావాల్సొచ్చింది."

"నీ మొగుడు ఊరికి బోయి రెండు దినాలు గాలేదు, నువ్వు రాలేదా మే?" అంది సిద్దమ్మ. "రా హులిగీ, ఈడ కూసో. నా పక్కన."

ఆ గుడారంలో బొమ్మ ఆడించే మిషను ఒక్కటే. ఒక ఫిల్ము చుట్ట అయిపోయి ఇంకోటి ఎక్కించేదాకా దీపం వెలిగిస్తారు. అప్పుడే అందరూ మాట్లాడుకుంటారు. మొదటి చుట్ట అయిపోగానే సిద్దమ్మ తన అభిప్రాయం చెప్పింది.

"ఇది పెద్ద కంపెనీ పిచ్చరు కాదంటమ్మే. ఎవురో నలుగురు సావాసగాళ్లు కలిసి తీసినారంట. అందుకే తెల్సిన మొగం ఒగటీ ల్యా. రాజుల్యాడు, కత్తి యుద్ధం ల్యా, పాటలు రెండే. ఒగే ఇల్లు, ఒగే చింతచెట్టు. అయినా పెద్ద పిచ్చర్ల కన్నా దీనికే భయమైతాది సూడు. రాజుల కోట మనమెరగం. ఇట్లాంటి గడప మనందరికీ ఉండాది."

హులిగెమ్మకు అది నిజమే అనిపించింది. ఆ తెరమీది ఇల్లు తన ఇల్లులాగే ఉంది. మట్టిగోడ, గూట్లో దీపం, దూలానికి వేలాడే చీర ఉయ్యాల. వెనక ఎక్కడో ఒక కుక్క మొరగడం తప్ప సంగీతం కూడా లేదు.

రెండో చుట్టలో దయ్యం వచ్చింది. జుట్టు విరబోసుకుని, తెల్ల చీర కట్టుకుని. మగవాళ్ల వైపు నుంచి కూడా కేకలు వినబడ్డాయి. ఇందాక దెప్పిన ముందు వరుస ఆమె పక్కదాని ఒళ్లో తల దాచుకుంది.

దీపం వెలగగానే హులిగెమ్మ అడిగింది. "దానికి మొగుడుండాడు గదా?"

"ఉండాడు. ఆ మీసాలోడే."

"మరి ముత్తైదువ సచ్చిపోతే తెల్లచీర యాడిదక్కా? నా బిడ్డకు పచ్చచీర కట్టినా. మొగమంతా పసుపు పూసినా."

సిద్దమ్మ శనక్కాయ వలుస్తూ ఆగిపోయింది. "అవునమ్మే. ఇన్ని తూర్లు సూస్తి, నాకది తోచలేదు."

మూడో చుట్టలో ఒక ముసలాయన దోవంతా ఆవాలు చల్లాడు. దయ్యం వచ్చి ఆ గింజల దగ్గర ఆగింది. నేలమీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. తెరమీద చాలాసేపు అదొక్కటే. వేళ్లు, మట్టి, గింజలు. గుడారంలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. హులిగెమ్మకు మాత్రం భయం వెయ్యలేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

ఉరుకుందమ్మకు రేచీకటి. చిన్నప్పటి నుంచీ పొద్దుగూకితే ఏమీ కనబడదు. కొర్రల్లో రాళ్లు ఏరాలన్నా మధ్యాహ్నమే ఏరేది. మాపున వాకిట్లోకి రావాలన్నా అమ్మ కొంగు పట్టుకునేది. ఆ పిల్ల దోవలో నేను ఆవాలు చల్లినానే అనుకుంది హులిగెమ్మ. చీకట్లో ఏ గింజ ఎక్కడుందో తడుముకుంటూ, ఎక్కడ కూర్చుందో.

తర్వాత దయ్యం ఉయ్యాల దగ్గరికి వచ్చింది. ముట్టుకోకుండా ఊరికే నిలబడింది. ఉయ్యాల తాడు కొంచెం కదిలింది, ఆగింది. అంతే. ఆ ఒక్క తావున హులిగెమ్మ తనకు తెలియకుండానే తల ఊపింది. ఆ వెంటనే అది పాలిచ్చే మనిషి మీద పడి గొంతు పిసికింది. అది మాత్రం ఆమె నమ్మలేకపోయింది. ఇప్పటిదాకా ఉయ్యాల దగ్గర అట్లా నిలబడిన మనిషి ఈ పని ఎందుకు చేస్తుంది?

చివరికి మంత్రగాడొచ్చి మేకులు కొట్టాడు. తెరమీద పొగ లేచింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఎట్లుండాది?" అని అడిగింది సిద్దమ్మ, గంప సర్దుకుంటూ. ఆమె ఇంకొకరిని అలా అడగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"దీంట్లో దాని అమ్మ యాడుండాదక్కా?"

"ఎవురమ్మ?"

"ఆ దయ్యం అమ్మ. మొగుడుండాడు, అత్తుండాది, మంత్రగాడుండాడు. కన్నతల్లి ఏమైపాయ? మొదట్నుంచీ కడదాకా ఒగరన్నా దాన్ని పేరు పెట్టి పిలవల్యా. రాసినోడు మర్సిపోయినాడా?"

సిద్దమ్మ గంప తలకెత్తుకోబోయి మళ్లీ కింద పెట్టింది.

"అమ్మను పెడితే కథ ఆడికే అయిపోతాది గదమ్మే" అంది నిదానంగా.

మరునాడు పొద్దున్నే హులిగెమ్మ పాపను ఎత్తుకుని, మేకులు కొంగున కట్టుకుని మద్దమ్మ ఇంటికి పోయింది. మద్దమ్మ వాకిట్లో కడవ తోముతోంది. వీళ్లను చూసి లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"రాత్రి నేనూ సూసినా మద్దీ, ఆ పిచ్చరు."

"సూసినావా! ఐతే నీకూ తెల్సింటాది గదత్తా. నా మీద కోపం సేసుకోవద్దు. నా కొడుకుండాడు. నాకేమన్నా అయితే వాడికెవురు?"

"నిన్ను తప్పు పట్టడంల్యా. ఒగటి అడుగుతా చెప్పు. ఉరుకుందికి ఏ చీర కట్టినాం?"

"...పచ్చది."

"గాజులెవురు ఏసినారు?"

మద్దమ్మ తల దించుకుంది. వేసింది ఆమే.

"ఆ పిచ్చరు దయ్యం చీకట్లో దబదబా నడ్సొస్తాది. నా బిడ్డకు మాపైతే కండ్లు కనపడ్తాయా? బయలుకు పోవాలంటే ఎవురి సెయ్యి పట్టుకోని పోతాండె?"

"నాదే" అంది మద్దమ్మ. కడవ తోమిన చేతిని కొంగుకు తుడుచుకుంది. "గుంతలొస్తాండాయి సూడు ఉరుకుందీ, అంటే ఎగిరి దుంకేది. గుంత ల్యాకపోయినా దుంకేది. నేను నవ్వితే నన్ను గిల్లేది."

పాప మూలిగింది.

"అది రాదని నేను చెప్పను" అంది హులిగెమ్మ. "నాకు తెల్దు. బిడ్డను ఇడిసిపెట్టి పోయింది, వస్తాదేమో. నువ్వు పాలిచ్చేంతసేపూ నేను గడపలో కూసుంటా. రావాలంటే నన్ను దాటుకోని రావాల. పేరు పెట్టి పిల్సి నా పక్కన కూసోబెట్టుకుంటా. ఆ పిచ్చర్లో అమ్మల్యాదు మద్దీ. ఈడ నేనుండా."

కొంగు ముడి విప్పి మేకులు అరుగు మీద పెట్టింది.

"అయినా నీ భయం తీరదంటే మాపుకు కొడదాం. కొట్టేది నేనే. నువ్వూ వచ్చి ఒగటొగటి పట్టుకోవాల."

మద్దమ్మ పాప కోసం చేయి చాపలేదు. హులిగెమ్మ మేకులు మళ్లీ మూటగట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ పగలు చాలా పొడుగ్గా గడిచింది. మేకపాలు పాప నోట్లోంచి చెంప మీదికి కారిపోయాయి, మింగలేదు. పొద్దు వాలుతుంటే గోపన్న వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగాడు. "మంగళారం అయిపోతాండాది" అన్నాడు. కాసేపాగి గడ్డపార తెచ్చి గోడకు ఆనించాడు. మేకులు కొట్టడానికి ఇంట్లో అంతకన్నా బరువైనది లేదు.

హులిగెమ్మ గూట్లో దీపం పెట్టి, పాపను ఉయ్యాలలో వేసి, గడపలో కూర్చుంది. పాప ఊపిరి తీస్తున్నదో లేదో ఒకటికి రెండుసార్లు లేచి చూసుకుంది. మూడోసారి లేచినప్పుడు గోపన్న వైపు తిరిగింది.

"గడ్డపార తీసుకో. పోదాం" అంది.

అప్పుడు వీధి మలుపులో ఎవరో ఆగిన చప్పుడు.

"అత్తా." గొంతు వణుకుతోంది. "కూసున్నావా?"

హులిగెమ్మ గబుక్కున గడపలో కూర్చుంది.

"కూసున్నా రా."

మద్దమ్మ కొడుకును చంకలో గట్టిగా అదుముకుని, గోడ వారగా, అటూ ఇటూ చూడకుండా వచ్చింది. హులిగెమ్మ కాళ్లు ఒక పక్కకు జరిపితే ఇంట్లోకి దూరి, వీపు గోడకు ఆనించి, వాకిలి కనబడేట్టు కూర్చుంది. కొడుకును పక్కన దించి ఉయ్యాలలోంచి పాపను తీసుకుంది. పాపకు మొదట పట్టే ఓపిక లేదు. మద్దమ్మే పిండి పెదవుల మీద చుక్కలు వేసింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత చిన్న గుటక వినబడింది. ఇంకొకటి.

గోపన్న గడ్డపార తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. చాలాసేపు ఇంట్లోకి రాలేదు.

హులిగెమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. వీధి వైపే చూస్తోంది. చీకటి బాగా పడింది. ఎదురింటి గోడ కూడా కనబడడం లేదు.

"అత్తా" అంది మద్దమ్మ లోపలి నుంచి. ఇప్పుడు గొంతు వణకడం లేదు.

"ఏమ్మే?"

"దీపం గూట్లో ఉంటే దోవలో ఉరుకుందికి ఏం కనపడ్తాది? బయట పెట్టు."

హులిగెమ్మ లేచి దీపం తెచ్చి గడప అవతల పెట్టింది. వత్తి కొంచెం పైకి లాగింది. గాలికి ఆరిపోకుండా ఒక చేయి అడ్డం పెట్టుకుని, మళ్లీ తన చోట కూర్చుంది.