బాగ్చీబాబుకి ఆమ్లం తక్కువట

ఉద్ధవ్ ఠాకూర్ పప్పు వడ్డించి పక్కకి తప్పుకోగానే బాగ్చీబాబు పళ్ళెంలోకి వంగి వాసన చూశాడు. తేడా ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే ఆయనకి అనుమానం.

హరిసాధన్ బాగ్చీ సియాల్దా కోర్టులో జడ్జికి కాగితాలు అందించే పేష్కారుగా చేసి రిటైరైన మనిషి. సాక్షుల అబద్ధాలు విని విని, ఎదుటివాడు గుటక మింగినా అందులో ఏదో మతలబుందనుకోవడం అలవాటైంది. పెళ్ళి చేసుకోలేదు. ఆమ్హర్స్ట్ స్ట్రీట్ సందులో, ఒంటరి మగవాళ్ళు గదులు పంచుకుని ఉండే మెస్సే ఆయనకి ఇల్లు. అక్కడ వంటవాడు ఉద్ధవ్ పాఢి, ఒడియా బ్రాహ్మణుడు. బ్రాహ్మణ వంటవాణ్ణి అక్కడ అందరూ ఠాకూర్, అంటే స్వామి, అనే పిలుస్తారు. ఆ గౌరవం పిలుపు వరకే లెండి.

ఏడాదిగా బాగ్చీబాబుకి తిన్నది అరగడం లేదు. మధ్యాహ్నం తిన్న చేప రాత్రి దాకా తేన్పుల్లో పలకరిస్తోంది. పొట్ట డోలులా ఉబ్బుతోంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కలకత్తాలో ఎవరికి చెప్పుకున్నా ఒకటే జవాబు: "అంబల్, దాదా, అంబల్!" కడుపులో ఆమ్లం ఎక్కువైందని. ఆ ఊళ్ళో తలనొప్పికీ అదే కారణం, నిద్ర పట్టకపోయినా అదే కారణం. భోజనాలయ్యాక మెస్సులో బాబులంతా ఆమ్లం తగ్గించే మాత్రల్ని వక్కపొడిలా ఒకరికొకరు పంచుకుంటారు.

బాగ్చీబాబు పరగడుపున ఒకటి మింగేవాడు. తగ్గకపోతే మధ్యాహ్నం ఇంకొకటి. ఉద్ధవ్ మీద అనుమానం ముదిరినకొద్దీ మాత్రలూ పెరిగాయి. ఇన్ని మింగినా తగ్గలేదంటే ఠాకూర్ కూరలో ఏదో కలుపుతున్నట్టే కదా!

"వచ్చే నెల మొదటి ఆదివారం మీటింగు పెడదాం" అన్నాడు, బాబుల్లో వంతు ప్రకారం ఈసారి మెస్సు మేనేజరుగా ఉన్న తారాపద షీల్. "మీరు గట్టిగా చెప్పండి దాదా, ఠాకూర్‌ని తీసేద్దాం."

ఆ మాట వంటింటిదాకా వెళ్ళింది. ఉద్ధవ్ యాభై దాటినవాడు. మెస్సులే ఒక్కొక్కటీ మూతబడుతున్న రోజుల్లో అతణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు?

"జగన్నాథుడి మీద ఒట్టు బాబూ, నేనేం కలపలేదు."

"కోర్టులో అందరూ ఒట్టేసే చెబుతార్రా" అన్నాడు బాగ్చీబాబు.

మీటింగులోకి గట్టి సాక్ష్యం కావాలి. అందుకని డాక్టర్ కుండూ దగ్గరికి వెళ్ళాడు. ఆయన గొట్టం దించి పరీక్ష చేశాడు, రక్తమూ తీయించాడు. ఫలితాలు వచ్చిన రోజున బాగ్చీబాబు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"మా ఠాకూర్ వాడే నూనె మంచిది కాదని ఒక్కమాట అనండి డాక్టర్‌బాబూ, చాలు."

"నూనె సంగతి నాకు తెలీదు. మీకు ఆమ్లం తక్కువ. దీన్ని హైపోక్లోర్‌హైడ్రియా అంటాం."

"తక్కువా? బెంగాలీకి ఆమ్లం తక్కువా? ఎవరైనా వింటే నవ్విపోతారండీ!"

"నవ్వనివ్వండి. హైపో అంటే తక్కువ. అన్నం అరగడానికి కడుపులో ఊరాల్సిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపడా ఊరడం లేదని. బొత్తిగా లేకపోతే ఎక్లోర్‌హైడ్రియా అంటాం, మీది అంతదాకా పోలేదు. పొట్ట ఉబ్బిన ప్రతివాడికీ తగిలించే పేరు కాదిది. కొలిచాకే అనాలి. మీకు కొలిచాం."

బాగ్చీబాబు కళ్ళు చిన్నవి చేశాడు. ఈ డాక్టరు దుర్గాపూజ రోజుల్లో మెస్సుకొచ్చి ఉద్ధవ్ చేసిన పాయసం లొట్టలేసుకుంటూ తినడం తను చూడలేదా? వీళ్ళిద్దరూ ఒకటే.

"రోజుకెన్ని మాత్రలు?" అని అడిగాడు డాక్టరు.

బాగ్చీబాబు గొణిగాడు. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"ఊరే కాస్త ఆమ్లాన్నీ మీరే అణిచేస్తుంటే ఏ వంటవాడి కూర అరుగుతుందండీ? ఒంటికి బి12 కూడా పట్టడం లేదు, కాళ్ళ తిమ్మిరి అందుకే. దానికి ఇంజెక్షన్లు రాస్తాను. మాత్రలు నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించండి. ఒకటి గుర్తుపెట్టుకోండి. మానేశాక కొన్నాళ్ళు నిజంగానే మంట పుడుతుంది. అణిచిపెట్టిన ఆమ్లం ఒక్కసారిగా ఊరుతుంది. భయపడి మళ్ళీ మింగారో, మొదటికొస్తాం."

బాగ్చీబాబు మాత్రలు తగ్గించాడు, డాక్టరు మీద నమ్మకంతో కాదు, ఆయన్ని అబద్ధాలకోరని తేల్చడానికి. పీట వేసుకుని వంటింటి గుమ్మంలో కూర్చుని ఉద్ధవ్ చేతులనే చూశాడు. ఉద్ధవ్ ఏమీ కలపలేదు. తను చూస్తున్నందుకే కలపడం లేదనుకున్నాడు బాగ్చీబాబు. పొట్ట బరువు కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ అది ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. మాత్రలు పూర్తిగా ఆపి నాలుగు రోజులు. మటన్ కూర, అన్నం, ఆ తర్వాత మీటింగు. సగం భోజనంలో ఉండగా గుండెల్లో నిప్పు రాజుకుంది. గొంతుదాకా ఎగదన్నింది.

దొరికాడు ఠాకూర్!

మంట వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు కదా? అవును, ముందే ఎందుకు చెప్పాడు? సాక్షిని తయారుచేసే ప్లీడర్లంతా అంతే, ముందే చెబుతారు. జేబు తడుముకున్నాడు. మాత్రలు పైన గదిలో ఉండిపోయాయి.

అన్నం గిన్నెతో వచ్చిన ఉద్ధవ్ ఆయన నుదుటి చెమట చూసి ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టి, పంచె చెంగు ముడి విప్పి ఒక మాత్ర తీశాడు. బాబులందరూ మింగే మాత్రే.

"వేసుకోండి బాబూ. మీకోసమే కొని ఉంచా."

విషం పెట్టేవాడే విరుగుడూ దాచుకుంటాడు, అనుకున్నాడు బాగ్చీబాబు. తలెత్తాడు. ఉద్ధవ్ ఖాళీగా ఉన్న రెండో అరచేతిని తిప్పి చూసుకుంటున్నాడు.

"నా చేతిలోనే ఏదో ఉందేమో బాబూ. ఎంత చూసుకున్నా నాకు తెలీడం లేదు. ఈమధ్య నేను వండింది నేనే తినలేకపోతున్నా."

బోనులో నిలబడ్డవాళ్ళని బాగ్చీబాబు వందలమందిని చూశాడు. చెయ్యని నేరం తనే చేశానేమోనని తడుముకునేవాణ్ణి మాత్రం ఇదే చూడటం. అలా తడుముకునేలా చేసింది తనే. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకేంటి దాదా, మీ ముఖమే చెబుతోందిగా!" అన్నాడు తారాపద. "మొదలెడదామా?"

బాగ్చీబాబు ఉద్ధవ్ గుప్పిటని మాత్రతో సహా మూసేశాడు.

"మీటింగు లేదు, ఏం లేదు. మంట నాది, మాత్రలు మానేస్తే వచ్చింది. ఠాకూర్ కూర బాగానే ఉంది."

బాబులు తినడం ఆపి చూశారు.

"నిలబడ్డావేం? ఇంకాస్త అన్నం పెట్టు. నువ్వు కూడా పళ్ళెం తెచ్చుకుని ఇక్కడ కూర్చో."

ఉద్ధవ్ అన్నం పెట్టాడు. బాగ్చీబాబు గొంతు మండుతున్నా కూర కలుపుకుని, ఉద్ధవ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, తనూ తిన్నాడు.