సబ్బు రాసిన కమాను

స్కూలు ఆర్కెస్ట్రా గదిలో మూడో కమాను వెంట్రుకలకు రైనర్ ఓల్ట్‌మన్ పొడి సబ్బు రాస్తున్నాడు. మొదలు నుంచి కొస దాకా ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి. రోజిన్ అనే జిగురు ముద్ద రాస్తే కమాను తీగను పట్టుకుని పలికిస్తుంది. సబ్బు రాస్తే జారిపోతుంది. చెయ్యి ఎంత ఆడించినా నాదం రాదు. చూసేవాళ్ళకు మాత్రం అందరితో పాటు వాయిస్తున్నట్టే ఉంటుంది. అయినా ఒక్కోసారి కీచుమంటుంది కాబట్టి ఈ కమాన్లు పట్టుకునే, ఇంకా సరిగ్గా వాయించలేని ముగ్గురు పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పి ఉంచాడు: తీగకు వెంట్రుకవాసి పైన ఆడించండి, ఆనించకండి.

ఆయనకు అరవై మూడేళ్ళు. పొడుగు మనిషి. ముప్పై ఏళ్ళుగా పదకొండేళ్ళ పిల్లల వైపు వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. పిల్లలు ఆయన్ని మిస్టర్ ఓ అంటారు.

జర్మనీలో, కాసెల్ పట్టణపు ఒపేరా హాలులో ఆయన ఒకప్పుడు వాద్యబృందాన్ని నడిపే అసిస్టెంట్ కండక్టర్. అమెరికాలో, మిషిగన్‌లో ఒక చిన్న ఆర్కెస్ట్రా పిలిస్తే వచ్చాడు. రెండు శీతాకాలాలకే అది మూతపడింది. వీసా నిలవాలంటే ఉద్యోగం కావాలి. అక్కడే నోవై అనే ఊళ్ళో ఈ మిడిల్ స్కూల్లో ఒక్క ఏడాదికని చేరాడు. నాలుగో ఏడు స్కూళ్ళ ఆర్కెస్ట్రా పోటీ జరిగే ఫెస్టివల్‌లో పిల్లలందరి చేతా వాయించాడు. న్యాయనిర్ణేతలు మూడో గ్రేడు ఇచ్చారు. ఆర్కెస్ట్రా క్లాసు తీసేయవలసి వస్తుందేమోనని ప్రిన్సిపాల్ చాలా మర్యాదగా చెప్పాడు. క్లాసు పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా. ఆ వేసవిలో ఒక ముసలి టీచర్ సబ్బు సంగతి చెప్పాడు. ఒక్క ఏడాదికే అనుకున్నాడు. తర్వాత గ్రీన్ కార్డు వచ్చింది. సబ్బు పోలేదు. ఇప్పుడు గోడ మీద ఫస్ట్ గ్రేడు ఫలకాలు వరసగా ఉన్నాయి. ఈసారి పెట్టబోయే దానికి మేకు కూడా ముందే కొట్టేశారు.

"మిస్టర్ ఓ?"

వయోలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయించేవాళ్ళలో చివరి కుర్చీ అమ్మాయి దేదీప్య. కమాను తీసుకోవడానికి వచ్చింది. నేల వైపు చూస్తూ అడిగింది.

"ఆ కష్టమైన లైను నేర్చుకున్నాను. ఇప్పుడు వస్తోంది. ఒక్కసారి వింటారా?"

"ఫెస్టివల్‌కి బస్సు వచ్చేసిందమ్మా," అన్నాడు ఆయన. బస్సు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. అది ఇద్దరికీ తెలుసు.

బస్సులో వయోలిన్ వాయించే ధృవ్ వెనక సీటు మీదికి వంగి ముక్కు మూసుకున్నాడు. "సోప్ క్లబ్ వస్తోంది. గైస్, నీట్‌గా కూర్చోండి!"

"నువ్వు కూడా జాయిన్ అవ్వు ధృవ్," అంది దేదీప్య మెల్లగా. "నీకే ఎక్కువ అవసరం."

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో ఓల్ట్‌మన్ నవ్వలేదు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంటే వేళ్ళు ముడిచాడు, విప్పాడు. అందరికీ తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ ఎంత మంది పిల్లలు ఇలా చెయ్యి ఆడించి వెళ్ళిపోయారో లెక్కపెట్టబోయాడు. సగంలోనే మానేశాడు.

స్టేజి వెనక గదిలో తన వయోలా పెట్టె తెరిచి, కాసెల్ నుంచి తెచ్చుకున్న సొంత కమాను తీశాడు. రోజిన్ రాసి దేదీప్య చేతికిచ్చి, ఆమె కమాను తీసుకున్నాడు.

"ఇవాళ నువ్వు వాయించు. ఆ లైను కూడా."

"తప్పు వస్తే?"

"రానీ."

ఆ మాట అన్నాక ఆయనకు కాళ్ళు తేలికైనట్టనిపించింది. స్టేజి ఎక్కి చెయ్యెత్తాడు. పాట మొదలైంది. మూడు నెలలుగా అరగదీసిన పాట. పిల్లలు ఆయన వైపు చూడకుండానే వాయించుకుపోతున్నారు. ఆయన వయోలాల చివరి కుర్చీ వైపే చూస్తున్నాడు. కష్టమైన లైను వచ్చింది. దేదీప్య వేళ్ళు తీగల మీద సరిగ్గానే నడిచాయి. కమాను కూడా సరిగ్గానే నడిచింది, తీగకు వెంట్రుకవాసి పైన. ఎడమ చేత్తో 'ఇంకా, ఇంకా' అని సైగ చేశాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. కమాను దిగలేదు.

ఫస్ట్ గ్రేడు వచ్చింది.

హాలు బయట దేదీప్య తల్లి ఉమామహేశ్వరి ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. ఆఫీసుకి హాఫ్ డే పెట్టి వచ్చింది. "సార్, వీడియో మొత్తం తీశాను. మా పాప సౌండ్ విన్నారా? ఎంత క్లియర్‌గా ఉందో!"

"థాంక్యూ," అన్నాడు ఓల్ట్‌మన్.

"మమ్మీ, ప్లీజ్, చాలు," అంది దేదీప్య. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

తిరిగి స్కూలుకు చేరేసరికి మంచు దట్టంగా పడుతోంది. అందరూ దిగాక దేదీప్య ఆయన కమాను తిరిగి ఇచ్చింది. వెంట్రుకల మీద రోజిన్ రాసింది రాసినట్టే ఉంది.

"ఎందుకు ఆనించలేదు?"

"తెలీదు మిస్టర్ ఓ. ఆనిద్దామనే అనుకున్నాను. చెయ్యి దిగలేదు. నా వల్ల ఫస్ట్ పోతే అందరూ..."

ఉద్యోగం పోతుందని సబ్బు పట్టుకున్న ఆ ఏడు ఆయనకు గుర్తొచ్చింది. ఇంకొకరి చేతిలో తన చెయ్యి కనిపించినట్టయింది.

"రేపు పొద్దున ఏడింటికి రా. ఎవరూ ఉండరు. తప్పులతో సహా వాయించు. నేను వింటాను."

"నిజంగా?"

"నిజంగా."

చివరి కారు వెళ్ళేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆర్కెస్ట్రా గదిలోకి వచ్చి, ఒక కుర్చీ లాగి చివరి వయోలా కుర్చీకి ఎదురుగా వేసుకున్నాడు. రేపు ఇక్కడే కూర్చుని వినాలి. ఎత్తు సరిపోతుందో లేదో చూద్దామని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఈసారి ముడుచుకోలేదు. ఛాతీ మీద ఎవరో నెమ్మదిగా బరువు పెడుతున్నట్టుంది. ఆ కుర్చీలోంచి ఆయన మళ్ళీ లేవలేదు. శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి తలుపు అద్దంలోంచి లైటు, వంగిన వీపు చూసి, ఎప్పటిలాగే పని చేసుకుంటున్నాడనుకుని పక్క గదికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడు కావడానికి ఐదు నిమిషాల ముందు ఉమామహేశ్వరి స్కూలు ముందు కారు ఆపింది.

"లేట్ అయ్యామా మమ్మీ?"

"లేదమ్మా. అదిగో సార్ కారు. మనకంటే ముందే వచ్చేశారు పాపం, ఇంత మంచులో. వెళ్ళు, వెళ్ళు, వెయిట్ చేయించకు."

దేదీప్య వయోలా పెట్టెను గుండెకు హత్తుకుని పరుగెత్తింది. పార్కింగ్ లాట్‌లో ఆ నీలం కారు ఒక్కటే ఉంది. దాని చుట్టూ మంచు మీద ఎక్కడా టైర్ల జాడ లేదు. మంచుకు అతుక్కుపోకుండా ఆయన పైకి లేపి ఉంచిన రెండు వైపర్లు, అద్దానికి ఆనకుండా, అలాగే గాలిలో నిలబడి ఉన్నాయి.