కొట్టంలో వేలాడిన దుప్పి

ఒదజిమ ఇసాము ఆ మగ దుప్పిని కొట్టింది మంచు తుపాను మొదలైన రోజు ఉదయం. అన్న మసకిచి పోయాక తుపాకీ అతనికి వచ్చింది కానీ, అన్న గురి మాత్రం రాలేదని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఆ మాట అబద్ధమని అతనూ ఎప్పుడూ వాదించలేదు. అలాంటిది ఆ రోజు వాగు అవతలి గట్టు మీద నిలబడిన దుప్పి మెడలోకి గుండు నేరుగా దిగింది. అది అక్కడికక్కడే కూలిపోయింది. ఇసాము మంచులో మోకాళ్ళ మీద కూర్చుని దానికి చేతులు జోడించాడు. తర్వాత నెత్తురు కార్చి, పేగులు తీసి, గుండె, కార్జం వేరే సంచిలో వేసుకుని, పొట్ట నిండా శుభ్రమైన మంచు కూరి, చక్రాల్లేని బండి మీద కట్టుకుని తిన్నగా వదిన షిగెనో ఇంటికి లాక్కొచ్చాడు. వేట ఎవరు చేసినా దుప్పి వేలాడేది ఆ ఇంట్లోనే.

"ఇదిగో వదినా, చూరు కింద కట్టేస్తాను. బయట ఈ చలి కంటే మంచి ఫ్రిజ్ ఏముంది?"

షిగెనో చేతిలో చీపురు పక్కన పెట్టి దుప్పి చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ మీది గాయం చూసి మరిదిని ఎగాదిగా చూసింది.

"నువ్వే కొట్టావా, ఎవరైనా కొట్టింది దొరికిందా?"

"నేనే!"

"అయితే దాన్ని పాడు చెయ్యకు. చూరు కింద కడితే తెల్లారేసరికి కట్టెముక్కే. కండ ఇంకా బిగుసుకోకముందే గడ్డకట్టిందంటే, కరిగాక చెప్పు తోలు నమలాల్సిందే. కొట్టంలోకి లాగు."

కొట్టమంటే బంగాళాదుంపలు దాచే గది. సగం నేలలోకి దిగి ఉంటుంది, గోడల మధ్య రంపపు పొట్టు నింపి ఉంటుంది. అక్కడి దూలానికి ఇద్దరూ కలిసి దుప్పిని వెనక కాళ్ళతో వేలాడదీశారు. షిగెనో పొట్టలోని మంచంతా చేత్తో తోడేసి, పొడిగుడ్డతో లోపలంతా తుడిచింది. నీళ్ళు మాత్రం తగలనివ్వలేదు. పక్కటెముకల మధ్య విల్లో చెట్టు కర్ర అడ్డం పెట్టి గాలి ఆడేలా చేసింది. తోలు తీయబోతే ఇసాము చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"దాని కోటు దానికుండనీ. ఈ చలిలో నీ కోటు విప్పమంటే విప్పుతావా?"

తర్వాత ఒక గిన్నెలో నీళ్ళు పోసి దుప్పి కింద పెట్టింది. నీళ్ళ మీద మంచు పొర కడితే తలుపు మూసి సందుల్లో గడ్డి కుక్కాలి. పొర కరిగిపోతే తలుపు కాస్త తీయాలి. ఆమె దగ్గర ఉన్న పనిముట్టు అంతే.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది. సాయంత్రానికి ఎదుటి ఇల్లు కనబడలేదు. ఇసాము ఇంటికి వెళ్ళే దారి లేక అక్కడే ఉండిపోయాడు. మర్నాడు కరెంటు పోయింది. ఊరి బయట రోడ్డు మీద బస్సు, రెండు లారీలు మంచులో కూరుకుపోతే, వాటిలోని వాళ్ళందరినీ ఊరి సభా మందిరంలోకి తెచ్చారు. ఆ కబురు తెచ్చినవాడు వాడపెద్ద వకసుగి. కనుబొమ్మల మీద మంచు పేరుకుని ఉంది.

"షిగెనో గారూ, ఊళ్ళో కొట్టులో సరుకంతా అయిపోయింది. మీ దగ్గర దుప్పి ఉందటగా. ఇవాళే కోసి ఇచ్చెయ్యండి."

"ఇవాళ కాదండీ. కొయ్యలా బిగుసుకుని ఉంది. ఇప్పుడు కోస్తే నమల్లేక తిట్టుకుంటారు."

"ఆకలేసినవాళ్ళకి మెత్తన, గట్టి అని ఉంటుందా?"

"ఆకలికి ఇవాళ గుండె, కార్జం పట్టుకెళ్ళండి. దుంపలు ఎన్ని బస్తాలు కావాలంటే అన్ని తీసుకోండి. దుప్పిని మాత్రం నేను చెప్పిన రోజు కోస్తాను."

వకసుగి మొహం ముడుచుకున్నాడు. ఇసాముకు సిగ్గేసింది. ఊరంతా ఇబ్బందిలో ఉంటే వదినకి ఈ పట్టుదలేమిటో అర్థం కాలేదు. బస్తాలు బండి మీదికి ఎత్తాడు.

ఆ మర్నాడు గాలి మారి దక్షిణం నుంచి వెచ్చగా వీచింది. కప్పు మీది మంచు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. గిన్నెలో పొర ఆనవాలు కూడా లేదు.

"వదినా, పోయింది! నిన్ననే కోసి ఉంటే..."

"ఏడవడం ఆపి పార తీసుకో."

ఇద్దరూ గోడల చుట్టూ మంచు ఎగదోశారు. ఉత్తరపు గోడ నీడలోంచి గట్టి మంచు కోసి తెచ్చి, కొట్టం లోపల గోడల వెంట, దుప్పికి తగలకుండా, మనిషి నడుమెత్తు పేర్చారు. ఇసాముకు నడుం పట్టేసి గుమ్మంలో చతికిలబడ్డాడు. అరవై దాటిన షిగెనో మాత్రం ఆగలేదు. ఒక దిమ్మె పెట్టడం, గిన్నె చూడడం, దుప్పి తొడ లోపలికి చెయ్యి పోనిచ్చి కాసేపు కళ్ళు మూసుకోవడం. ఆ చెయ్యి అక్కడ ఏం వింటోందో ఇసాముకు తెలియలేదు కానీ, చూపు తిప్పుకోలేకపోయాడు. అన్న వేటనుంచి వచ్చి స్టవ్ పక్కన బియ్యపు సారా సాకే తాగుతూ కథలు చెప్పేవాడు. అప్పుడు వదిన ఇంట్లో ఎందుకు కనబడేది కాదో ఇన్నేళ్ళకి అతనికి తట్టింది.

కొట్టం మళ్ళీ చల్లబడ్డాక ఆమె దుప్పి ముందుకాలు పట్టుకుని వంచింది. అది మెత్తగా మడతపడింది.

"ఇప్పుడు తీద్దాం దాని కోటు."

తోలు ఒలుస్తుంటే లోపలి కండ ముదురెరుపుగా, పొడిగా, నిగనిగలాడుతూ బయటపడింది. ఎక్కడా వాసన లేదు. ఆమె కత్తి ఎముకని ఒరుసుకుంటూ నరాల మధ్య దారి చూసుకుని పోతుంటే కండలు వాటంతటవే విడివడుతున్నట్టుంది.

సభా మందిరంలో పెద్ద కుండల్లో మిసో అనే సోయా ముద్ద, ముల్లంగి, ఉల్లికాడలతో ఉడికించారు. బస్సులోంచి దిగిన ఒక ముసలాయన పళ్ళు లేని నోటితో ముక్క తిని, మారు అడిగాడు. వకసుగి రెండో గిన్నె ముగించి గట్టిగా అన్నాడు.

"మసకిచి దుప్పి రుచి మళ్ళీ వచ్చిందయ్యా! తమ్ముడికి అన్న చెయ్యి వచ్చింది!"

అందరూ ఇసాము వైపు చూశారు. అతను గరిటె కింద పెట్టి, కుండ దగ్గరున్న షిగెనోని చూపించాడు.

"నాకేం రాలేదు. అన్నకీ లేదు. మేం కొట్టి తెచ్చి పడేసేవాళ్ళం. ఇన్నేళ్ళూ మీరు మెచ్చుకున్న చెయ్యి ఇదిగో, ఈవిడది."

షిగెనో చెవులు ఎర్రబడ్డాయి.

"మీ అన్న మెడకి తప్ప గురి పెట్టేవాడు కాదు. పొట్టలో కొట్టి తెస్తే నేనైనా ఏం చేసేదాన్ని? మొన్న నువ్వూ అలాగే కొట్టావు. కూర్చుని తిను, చల్లారిపోతోంది."

వకసుగి లేచి వచ్చి ఆమె ముందు తల బాగా వంచాడు. నిన్నటి మాటకి క్షమాపణ అడిగి, ఆమె గిన్నె తనే నింపి రెండు చేతులతో అందించాడు.

మర్నాడు పొద్దున రోడ్డు తెరిచారు. ఖాళీ కుండ చెరో వైపు పట్టుకుని ఇద్దరూ ఇంటికి నడుస్తుంటే ఇసాము అడిగాడు.

"వదినా, నాకూ నేర్పుతావా?"

"నేర్పేదేముంది? పక్కన కూర్చుని చూసుకోవాలి, అంతే. కూర్చోగలవా?"

"ఇన్నాళ్ళూ కూర్చున్నాగా!"

"కూర్చోవడమా? గుమ్మానికి ఆనుకుని గురకపెట్టావు. దుప్పి లేచి పోతుందేమోనని భయపడ్డాను."

ఇసాము నవ్వుతుంటే కుండ ఊగింది. సరిగ్గా పట్టుకోమని ఆమె కసిరింది.